ఎర్ర పుల్లలా, పసుపు మెరుపులా?

రాయగడ తెలుగిళ్లలో టీబీ అనుమానమొస్తే మొదటి మాట ‘కళ్లె పరీక్ష’. ల్యాబులో కళ్లెకు రంగు వేసి మైక్రోస్కోపులో చూడ్డానికి రెండు దారులు.

పాతది జీల్-నీల్సన్. కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి, స్లయిడ్‌ను వేడి చేయాలి. నీలం మీద ఎర్రటి పుల్లల్లా బ్యాక్టీరియా కనిపిస్తుంది. అదీ నూనె చుక్క వేసి 1000 రెట్లు పెంచితేనే. వంద ఫీల్డులు (ఒక్కో చూపులో కనిపించే మేర) చూసేసరికి మెడ పట్టేస్తుంది!

రెండోది ఆరమిన్-ఓ అనే మెరిసే రంగు. వేడి అక్కర్లేదు. నీలి ఎల్‌ఈడీ వెలుగులో, చీకట్లో మిణుగురుల్లా బ్యాక్టీరియా పసుపుగా మెరుస్తుంది. 200-400 రెట్లు చాలు. ఒక్క చూపులో ఎక్కువ మేర కనిపిస్తుంది కాబట్టి టైమ్ బాగా తగ్గుతుంది, కొద్దిపాటి బ్యాక్టీరియా తప్పించుకునే అవకాశమూ తగ్గుతుంది. 2011లో డబ్ల్యూహెచ్‌ఓ ఎల్‌ఈడీ పద్ధతినే సిఫార్సు చేసింది. క్యూ ఉన్నచోట నా ఓటూ దీనికే. కాకపోతే మెరుపు త్వరగా వాడిపోతుంది, స్లయిడ్‌ను చీకట్లో దాచాలి.

బ్యాక్టీరియా బతికుందో చచ్చిందో మాత్రం రెండూ చెప్పలేవు.