రిటైర్మెంట్‌కు పీపీఎఫ్‌ మేలా, ఎన్‌పీఎస్‌ మేలా?

పీపీఎఫ్‌లో, అంటే ప్రభుత్వ పొదుపు పథకమైన పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌లో, ఏటా ఏప్రిల్ 5లోపు 60,000 రూపాయలు వేస్తూ పోండి. 2020 ఏప్రిల్‌లో మొదలైన 7.1 శాతం వడ్డీయే కొనసాగితే 15 ఏళ్లకు కట్టింది 9 లక్షలు, చేతికొచ్చేది దాదాపు 16.27 లక్షలు. ఐదేసి ఏళ్లు పొడిగిస్తూ, కడుతూ 30 ఏళ్లు నడిపితే కట్టింది 18 లక్షలే, అయ్యేది సుమారు 61.8 లక్షలు! వడ్డీ మీద వడ్డీ బలమంతా రెండో సగంలోనే ఉంది. అందుకే 15 ఏళ్లకే ఖాతా మూసేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పైగా ఈ వడ్డీకి పన్ను లేదు.

ఎన్‌పీఎస్‌, అంటే నేషనల్ పెన్షన్ సిస్టమ్, మార్కెట్‌తో ముడిపడింది. షేర్ల వాటా పెంచుకుంటే ఇంకా ఎదగొచ్చు, హామీ మాత్రం లేదు. చివర్లో కొంత సొమ్ముతో యాన్యుటీ, అంటే క్రమం తప్పకుండా పింఛను ఇచ్చే పథకం, కొనాలి. ఆ పింఛను పన్ను లెక్కలోకి వస్తుంది. అయినా పాతికేళ్లవాళ్లకు నేను దీన్నే ముందు చెబుతాను. ఒడుదొడుకులను తట్టుకునేంత కాలం వాళ్ల చేతిలో ఉంది.