వైజాగ్ ఉక్కపోతలో ఓవర్‌క్లాకింగ్: ఎయిర్ కూలర్ కొనాలా, లిక్విడ్ కూలర్ కొనాలా?

కంప్యూటర్ ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ల గురించి ముందు తీర్పు చెప్పేస్తా, ఎందుకో తర్వాత రాస్తా. మీ ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేశాక (అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపాక) కూడా 200 వాట్లకి అటూ ఇటూగా తాగుతుంటే రెండు టవర్ల ఎయిర్ కూలర్ (రెండు లోహపు రేకుల దిమ్మలకి ఫ్యాన్లు బిగించినది) కొనుక్కోండి, మిగిలిన డబ్బు గాలి బాగా ఆడే క్యాబినెట్ మీద పెట్టండి. 250 వాట్లు దాటేసి గంటల తరబడి రెండరింగ్ చేసేవాళ్ళకి మాత్రం 360 ఎంఎం లిక్విడ్ కూలర్ (పంపుతో తిరిగే ద్రవం వేడిని రేడియేటర్‌కి మోసుకెళ్ళేది, 360 అనేది ఆ రేడియేటర్ సైజు) పెట్టుకోవడమే సరైన పని. మధ్యలో ఉండే 240 ఎంఎం లిక్విడ్ జోలికి వెళ్ళకండి. అది ఎయిర్ కూలర్ కంటే పెద్దగా పొడిచేదేమీ లేదు, రేటు మాత్రం ఎక్కువ.

ఇదంతా వాడి చెప్తున్నదే. నాది ఇంటెల్ ఐ5-13600కె ప్రాసెసర్ (పేరు చివర కె ఉంటే ఓవర్‌క్లాక్ చేయనిచ్చే రకం). కంపెనీ లెక్క ప్రకారం పెద్ద కోర్ల గరిష్ఠ వేగం 5.1 గిగాహెర్ట్జ్, టర్బోలో (గరిష్ఠ వేగంతో నడిచేటప్పుడు) పవర్ 181 వాట్లు. నేను దాన్ని 5.4 దగ్గర పెట్టుకున్నా. మొదట్లో దాని మీద ఒక 240 ఎంఎం లిక్విడ్ కూలర్ ఉండేది, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇప్పుడు డీప్‌కూల్ ఏకే620 అనే రెండు టవర్ల ఎయిర్ కూలర్ ఉంది. ఇక మా బాబాయి కొడుకు మర్రిపాలెంలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు, వాడి ఐ9-13900కె మీద 360 ఎంఎం లిక్విడ్ నా చేతుల మీదుగానే బిగించాం. అందుకే రెండు వైపులా మాట్లాడగలను.

మనవాళ్ళలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. యూట్యూబ్‌లో మనం చూసే కూలర్ టెస్టులు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో చేసినవి. అక్కడ ప్రాసెసర్ 80 డిగ్రీలు చూపించిందంటే మే నెల మధ్యాహ్నం ఏసీ లేని మన గదిలో, 33, 34 డిగ్రీల దగ్గర, అదే కూలర్ అదే సెట్టింగుతో 90 దాకా పోతుంది, ఎందుకంటే గది వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఇది గాలికైనా నీటికైనా ఒకటే. లిక్విడ్ కూలర్ పేరులో నీళ్ళున్నాయని అది ఫ్రిజ్ అనుకోకూడదు, ఆ నీళ్ళని చివరికి చల్లబరిచేది మన గదిలో గాలే కాబట్టి గది కంటే చల్లగా ఈ రెండిట్లో ఏ కూలరూ చేయలేదు. అదే కారణంగా, మన ఊరి తేమకి ట్యూబుల మీద చెమట పట్టి మదర్‌బోర్డు మీద నీళ్ళు కారతాయేమోనన్న భయం కూడా అక్కర్లేదు. గది కంటే చల్లబడని వస్తువు మీద నీటి బొట్లు పట్టవు. ఉక్కపోత మనల్ని పీడించేది చెమట ఆరక. కూలర్‌కి చెమట లేదు కదా, దానికి కావాల్సింది ఉష్ణోగ్రత లెక్క ఒక్కటే.

గది వేడి గురించే ఇంకో మాట. లిక్విడ్ పెడితే గది చల్లగా ఉంటుందని ఒకాయన నాతో వాదించాడు. ఉండదండీ. ప్రాసెసర్ 200 వాట్లు తాగితే ఆ 200 వాట్ల వేడీ గదిలోకే వస్తుంది, రేడియేటర్ లోంచి వచ్చినా రేకుల్లోంచి వచ్చినా.

ఓవర్‌క్లాక్ చేస్తే వేడి ఎందుకంతలా పెరుగుతుందో తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది. పవర్ అనేది వేగంతో పాటు మామూలుగానే పెరుగుతుంది, కానీ వోల్టేజీతో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం పది శాతం పెంచడానికి వోల్టేజీ కూడా పది శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి, పవర్ 33 శాతం పెరుగుతుంది. అంటే చివరి 100, 200 మెగాహెర్ట్జ్ కోసం పడే పాట్లకి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. నేను 5.4 దగ్గర ఆగి, వోల్టేజీని మెల్లమెల్లగా దించుకుంటూ వచ్చి, సిస్టమ్ క్రాష్ అవని అతి తక్కువ దగ్గర స్థిరపడ్డా. మండు వేసవిలో సినీబెంచ్ ఆర్23 అనే ప్రాసెసర్ టెస్టు నడిపిస్తే మొదట 90లు తాకేది కాస్తా ఆ తర్వాత 80ల్లోకి దిగింది. గేములప్పుడు 70 దాటడం అరుదు. కూలర్ మార్చకుండా, పైసా ఖర్చు లేకుండా జరిగింది ఇది. అందుకే ఎవరైనా కూలర్ గురించి అడిగితే ముందు బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల స్క్రీన్‌లో) వోల్టేజీ సంగతి చూసుకోమంటా.

ఇంటెల్ 13, 14వ తరం కె చిప్‌లు ఉన్నవాళ్ళకి ఇంకో ముఖ్యమైన మాట. ఈ చిప్‌లు అవసరానికి మించిన వోల్టేజీ అడిగి కొంతకాలానికి పాడవుతున్నాయని తేలాక, ఇంటెల్ 2024 ఆగస్టులో 0x129 మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే, చిప్ లోపలి ప్రోగ్రామ్) విడుదల చేసింది, వారంటీ కూడా రెండేళ్ళు పొడిగించింది. బయోస్ అప్‌డేట్ చేయకుండా దయచేసి ఓవర్‌క్లాక్ మొదలుపెట్టకండి. ఎంత ఖరీదైన కూలరైనా వోల్టేజీ వల్ల జరిగే నష్టాన్ని ఆపలేదు.

ఇక మన ఊరికే ప్రత్యేకమైన సమస్య, ఉప్పుగాలి. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో, సముద్రం వైపు కిటికీలు. ఇక్కడ కిటికీ గ్రిల్లు, గేటు మడతబందులు, ఏసీ బయటి యూనిట్ రేకులు ఏ గతి పడతాయో బీచ్ దగ్గర ఉండేవాళ్ళందరికీ తెలుసు. కంప్యూటర్ లోపల అంత ఘోరంగా ఉండదు గానీ, తేమ కలిసిన దుమ్ము పొడిగా రాలిపోకుండా రేకుల అంచులకి పట్టుకుని మెత్తటి పొరలా కూర్చుంటుంది. పోర్టుకి దగ్గరగా, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్ళకైతే పైన నల్లటి దుమ్ము కూడా. ఈ పొర పట్టిందంటే గాలి లోపలికి పోదు, ఫ్యాన్లు హోరెత్తుతాయి, వేడి తగ్గదు.

ఇక్కడే రెండింటి మధ్య అసలు తేడా కనిపిస్తుంది. ఏకే620 ఫ్యాన్లు తీగ క్లిప్పులతో ఉంటాయి. వేలితో లాగితే ముందు ఫ్యాను ఊడి వచ్చేస్తుంది, మెత్తటి పెయింట్ బ్రష్‌తో రేకుల మీద పైనుంచి కిందకి నాలుగుసార్లు దులిపి, మళ్ళీ క్లిప్పు తగిలిస్తే పని అయిపోతుంది, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసేది) ముట్టుకోనక్కర్లేదు. 360 రేడియేటర్‌లో దుమ్ము పట్టేది ఫ్యానుకీ రేడియేటర్‌కీ మధ్య, బయటికి కనపడని చోట. అక్కడికి చేరాలంటే ఫ్యానుకి నాలుగు చొప్పున 12 స్క్రూలు విప్పాలి, రేడియేటర్‌ని క్యాబినెట్‌కి పట్టి ఉంచే స్క్రూలు వేరే. మా తమ్ముడి మెషీన్‌లో అలా విప్పినప్పుడు మధ్య ఫ్యాను వెనక పీచులా దుమ్ము పేరుకుని ఉంది, రెండు స్క్రూల తలలకి అప్పుడే తుప్పు మొదలైంది. బయటి నుంచి చూస్తే మాత్రం ఆర్‌జీబీ లైట్లతో తళతళలాడుతోంది.

నా 240 లిక్విడ్ సంగతీ చెప్తా. ఒకరోజు ఉన్నట్టుండి డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్న ప్రాసెసర్ 100 దగ్గర ఆగిపోయింది, మౌస్ కదిపితే పావు నిమిషానికి కదులుతోంది. ఆపేసి బయోస్‌లోకి వెళ్తే అక్కడ కూడా 90లే. పక్క తలుపు తీసి రేడియేటర్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది! ప్రాసెసర్ కాలిపోతోంది, రేడియేటర్ చల్లగా ఉంది అంటే లోపల నీరు తిరగడం లేదని అర్థం, పంపు చచ్చిపోయింది. వారంటీ ఉంది, కాదనను, కానీ సరుకు వేరే ఊరి సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి రావాలి, వారాలు పడుతుందన్నారు. కె చిప్‌లతో పాటు డబ్బాలో కూలర్ రాదు కాబట్టి ఆలోగా వాడుకోవడానికి ఇంట్లో ఏమీ లేదు. అలా తాత్కాలికం అనుకుని కొన్న ఏకే620 ఇప్పటికీ అక్కడే ఉంది, లిక్విడ్‌కి బదులు కొత్తది వచ్చినా డబ్బా విప్పాలనిపించలేదు.

ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాను ఒక్కటే. పాడైతే ద్వారకానగర్‌లో ఏ కంప్యూటర్ షాపుకి వెళ్ళినా 120 ఎంఎం ఫ్యాను దొరుకుతుంది, సాయంత్రానికి మెషీన్ నడుస్తుంది. రెండో ఫ్యాను ఎలాగూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆలోగా కూడా పని ఆగదు. ప్రాసెసర్ మీద నుంచి రేకుల్లోకి వెళ్ళే హీట్ పైపుల్లో ఉండేదీ కాస్త ద్రవమే, కింద వేడికి ఆవిరై పైకి పోయి రేకుల దగ్గర చల్లబడి లోపలి పొర గుండా మళ్ళీ కిందకి పాకుతుంది. పంపు లేదు, కరెంటు లేదు, తిరిగే భాగం లేదు. లిక్విడ్ కూలర్లో ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ ట్యూబుల గుండా కొద్దికొద్దిగా ఆవిరై తగ్గుతుంది, అందుకే మంచి కంపెనీలు కూడా ఐదారేళ్ళ వారంటీతో ఆపేస్తాయి. తగ్గింది కదా అని ఇంట్లో మామూలు నీళ్ళు పోయకండి. రాగి ప్లేటూ అల్యూమినియం రేడియేటరూ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, అది జరగకుండా కంపెనీ ద్రవంలో మందు కలుపుతుంది.

ద్వారకానగర్‌లో ఒక షాపులో కుర్రాడు "అన్నా, కె ప్రాసెసర్ కదా, లిక్విడ్ పెట్టించుకోండి, గ్లాస్ క్యాబినెట్‌లో లుక్కు అదిరిపోద్ది" అన్నాడు. లుక్కు విషయంలో వాడి మాట నిజమే. బరువైన లోహపు దిమ్మ కనిపించదు, మదర్‌బోర్డు మొత్తం తెరిచి ఉంటుంది, ర్యామ్ స్లాట్లకి అడ్డు ఉండదు. లుక్కు కోసమే డబ్బు పెట్టేవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ చల్లదనం కోసం అని చెప్పి ఐ5కి లిక్విడ్ అంటగట్టడం మాత్రం నాకు నచ్చదు.

మరి లిక్విడ్ ఎక్కడ గెలుస్తుంది? మా తమ్ముడి ఐ9 దగ్గర. ఆ చిప్ టర్బో పవర్ 253 వాట్లు, పరిమితులు ఎత్తేస్తే 300 కూడా దాటుతుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో 4కె ఫైళ్ళు రాత్రంతా ఎక్స్‌పోర్ట్ అవుతూ ఉంటాయి. మొదట దానికి టవర్ కూలర్ పెట్టి చూశాం, 100 తగిలి వేగం తగ్గించుకుంటూ పోయింది. 360 పెట్టాక ఆ బాధ చాలావరకు పోయింది. వైశాల్యం ఎక్కువ, పైగా రేడియేటర్ క్యాబినెట్ పైకప్పుకి ఉంటుంది కాబట్టి వేడి నేరుగా బయటికి పోతుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ళకి ఇది గమనించాల్సిన విషయం, ఎందుకంటే కార్డు వదిలే 300 వాట్ల వేడిగాలినే టవర్ కూలర్ మళ్ళీ పీల్చుకుంటుంది. లిక్విడ్‌లో ఇంకో సుఖం, నీరు వేడెక్కడానికి టైమ్ పడుతుంది, అందుకని చిన్న చిన్న పనులప్పుడు ఫ్యాన్లు ఒక్కసారిగా అరవవు. ఆ సుఖం కొద్ది నిమిషాలే, నీరు పూర్తిగా వేడెక్కాక రేడియేటర్ సైజే మాట్లాడుతుంది. 240ని వద్దన్నది ఇందుకే.

ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లున్నవాళ్ళు చాలావరకు టెన్షన్ పడనక్కర్లేదు. 7600ఎక్స్, 7700ఎక్స్ లాంటివి 95 డిగ్రీల దాకా వెళ్ళి అక్కడ ఎంత వేగం కుదిరితే అంత వేగంతో నడిచేలా ఏఎండీయే తయారుచేసింది, పాడైపోయిందని కంగారుపడి 360 కొనేయకండి. కర్వ్ ఆప్టిమైజర్ (వోల్టేజీని సర్దే బయోస్ సెట్టింగు)లో మైనస్ పెట్టుకుంటే వేడి దిగుతుంది, వేగం పెరుగుతుంది. 7800ఎక్స్3డికి అయితే మల్టిప్లయర్ (వేగం పెంచే సెట్టింగు) లాక్ చేసి ఉంటుంది, మామూలు ఓవర్‌క్లాక్ కుదరదు, దానికి లిక్విడ్ దండగ.

కొనేముందు క్యాబినెట్ స్పెక్స్‌లో కూలర్ ఎత్తు పరిమితి చూడండి. ఏకే620 ఎత్తు 160 ఎంఎం, నాక్టువా ఎన్‌హెచ్-డి15 165, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ 155. మూడూ ఆరు హీట్ పైపుల రెండు టవర్లే, ఏది చవకగా దొరికితే అది తీసుకోవచ్చు, నాక్టువా నిశ్శబ్దానికి మాత్రం ఎక్కువ డబ్బులివ్వాలి. ర్యామ్ ఎత్తుగా ఉంటే ముందు ఫ్యాను పైకి జరుగుతుంది, ఆ మేరకు ఎత్తు కలుపుకోండి. లిక్విడ్ అయితే రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే లోపలి గాలిబుడగలు పంపులో చేరి గుడగుడమంటాయి, పంపు ఆయుష్షు తగ్గుతుంది.

ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్తూ మెషీన్ బస్సులో వేసే పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ టవర్ కూలర్లు బరువైనవి, ఏకే620 అయితే దాదాపు కిలోన్నర, ఆ బరువంతా మదర్‌బోర్డుకి అడ్డంగా వేలాడుతుంది. విప్పి విడిగా ప్యాక్ చేయండి, అక్కడ బిగించేటప్పుడు పాత థర్మల్ పేస్ట్ తుడిచేసి కొత్తది రాయండి.