జీఎంసీ మోటార్‌హోమ్ 455 ఇంజన్‌కి ఏ కార్బ్యురేటర్? రెండు రకాలూ ఏళ్ల తరబడి వాడాక

1973 నుంచి 1978 దాకా వచ్చిన జీఎంసీ మోటార్‌హోమ్‌లలో (లోపలే ఇల్లున్న అమెరికా బండ్లు) మొదట ఓల్డ్స్‌మొబైల్ 455, చివర్లో 403 ఇంజన్ ఉండేవి. ఆ అంకెలు ఘనపు అంగుళాల్లో ఇంజన్ సైజు. రెండింటి మీదా కంపెనీ పెట్టింది రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్, అంటే గాలి, పెట్రోల్ కలిపి ఇంజన్‌కి పంపేది. అది పాడైతే చాలామంది కొత్త ఎడెల్‌బ్రాక్ 1406 కొని బిగిస్తారు. రెండూ ఇదే ఇంజన్ మీద నడిపాక నా మాట ఒక్కటే: పాత మేనిఫోల్డే (కార్బ్యురేటర్ కింద ఉండి సిలిండర్లకి గాలి పంచే భాగం) ఉంచుకునేవాళ్లు క్వాడ్రాజెట్‌ని సరిగ్గా రీబిల్డ్ చేయించుకోండి.

1406 ది 600 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి 600 ఘనపు అడుగుల గాలి. 455కి చాలదని భయపడక్కర్లేదు. 455ని 4000 ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజన్ చుట్లు) గుణించి 3456తో భాగిస్తే 526 సీఎఫ్‌ఎం వస్తుంది. సిలిండర్లు నిండా గాలి పీల్చవు కాబట్టి 85 శాతం లెక్కేసినా 450 లోపే. ఈ బండి 4000 దాటడమే అరుదు. ఎలక్ట్రిక్ చోక్‌తో (ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించే మూత) పొద్దున్నే చక్కగా అందుకుంటుంది. కొలరాడో లాంటి ఎత్తు ప్రాంతాలకి వెళ్తే మిక్చర్ రిచ్ అవుతుంది, అంటే గాలికి పెట్రోల్ ఎక్కువవుతుంది. అప్పుడు పై మూత తీయకుండానే రెండు స్క్రూలు వదులు చేసి పెట్రోల్ పాళ్లు నిర్ణయించే మీటరింగ్ రాడ్లు మార్చుకోవచ్చు. ఇది నిజంగా గొప్ప సౌకర్యం.

చిక్కంతా కార్బ్యురేటర్ కింద గాలి దిగే నాలుగు రంధ్రాల దగ్గరే. క్వాడ్రాజెట్‌కి ముందు రెండూ చిన్నవి, 1.38 అంగుళాలు, వెనక రెండూ పెద్దవి, 2.25 అంగుళాలు. 1406 కి నాలుగూ ఇంచుమించు ఒకే సైజు. కాబట్టి మధ్యలో అడాప్టర్ ప్లేటు తప్పదు. దాంతో కార్బ్యురేటర్ దాదాపు అంగుళం పైకి లేస్తుంది, ఎయిర్ క్లీనర్ ఇంజన్ హ్యాచ్‌కి (పై మూతకి) తగులుతుందేమో కొలుచుకోవాలి. గాస్కెట్లు రెండయ్యాయి కాబట్టి గాలి పట్టేసే చోట్లూ రెండే. ఇంధన ప్రెషర్ 6.5 పీఎస్‌ఐ దాటితే పెట్రోల్‌ని అడ్డుకునే నీడిల్ ఆపలేదు, ఓవర్‌ఫ్లో అవుతుంది. దూరం వెళ్లొచ్చి ఆపాక, మేనిఫోల్డ్ కింద ఎగ్జాస్ట్ దారి వేడికి ఇథనాల్ కలిసిన పెట్రోల్ బౌల్‌లోనే (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) మరుగుతుంది. ఇరవై నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజన్ తడిసిపోయి అందుకోదు. మందపాటి ఇన్సులేటర్ గాస్కెట్ వేస్తే ఇది చాలా తగ్గుతుంది.

ఇక క్వాడ్రాజెట్. సామానుతో 5 టన్నులు దాటే బండికి ఆ చిన్న ప్రైమరీలే (ముందు రంధ్రాలే) ప్రాణం. యాక్సిలరేటర్ కొంచెం తొక్కినా గాలి వేగంగా లాగుతుంది, ఘాట్ మొదట్లోనే పికప్ దొరుకుతుంది. నింపాదిగా నడిపితే పెట్రోల్ ఖర్చులోనూ తేడా తెలుస్తుంది.

అయితే 'రీబిల్ట్' అని పెట్టె మీద ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. ఒక దుకాణంలో కొన్నది తళతళలాడింది గానీ, థ్రాటిల్ షాఫ్ట్ (గాలి తలుపులు తిప్పే కడ్డీ) పట్టుకుని కదిపితే టకటకమంది. ఆ వదులులోంచి గాలి పట్టేస్తే స్లో (ఐడిల్) ఎప్పటికీ నిలవదు. బ్రాంజ్ బుషింగులు వేస్తేనే సరవుతుంది. బాడీ అడుగున రంధ్రాలు మూసే వెల్ ప్లగ్గులు కారడం మరో జబ్బు. విడిగా తీసి బౌల్‌లో పెట్రోల్ పోసి, కింద గోధుమరంగు అట్టముక్క పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి అట్ట మీద గుండ్రటి మరక కనిపిస్తే అదే. పొద్దున పదిహేను సెకన్లు సెల్ఫ్ కొడితే గానీ బండి అందుకోకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. పెట్రోల్‌కి తట్టుకునే ఎపాక్సీ పూసి, పూర్తిగా ఆరాకే బిగించాలి. ఫ్లోట్ (బౌల్‌లో తేలుతూ పెట్రోల్ మట్టం చూసేది) కొత్తదే వేయండి. పాతది పెట్రోల్ పీల్చి బరువెక్కుతుంది, బౌల్ పొంగుతుంది. యాక్సిలరేటర్ పంపు కప్పు కూడా ఇథనాల్‌కి ఉబ్బని రకం కావాలి.

గట్టిగా తొక్కగానే ఇంజన్ ఒక్క క్షణం చచ్చిపోయినట్టయితే జెట్ల (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల) జోలికి పోకండి. ముందు వాక్యూమ్ డయాఫ్రమ్ చూడండి. దాని రాడ్‌ని లోపలికి నొక్కి, గొట్టం మూతిని వేలితో మూసి వదలండి. రాడ్ లోపలే ఆగాలి. మెల్లగా జారి బయటికొస్తే డయాఫ్రమ్ చిరిగినట్టే, సెకండరీల (వెనక రంధ్రాల) పైనున్న ఎయిర్ వాల్వ్ ఒక్కసారిగా తెరుచుకుంటోందన్నమాట.

బిగించేటప్పుడు తొందర వద్దు. క్వాడ్రాజెట్ ముందువైపు పొడవాటి బోల్టులు బలంగా లాగితే బాడీయే వంగిపోతుంది. 12 అడుగు-పౌండ్లు చాలు, నాలుగూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా. పెట్రోల్ పైపు దగ్గరి పెద్ద నట్టుకి కార్బ్యురేటర్ బాడీ మెత్తని పోత లోహంలో మరలు ఉంటాయి, ఊరికే పాడవుతాయి. దాన్ని 1 అంగుళం స్పానరుతో కదలకుండా పట్టుకుని, పైపు నట్టు వేరే స్పానరుతో తిప్పండి. ఎలక్ట్రిక్ చోక్ ఉంటే దానికి 12 వోల్టులు కీ ఆన్‌లో వచ్చే వైరు నుంచే ఇవ్వాలి, ఇగ్నిషన్ కాయిల్ నుంచి తీయొద్దు. గేరుబాక్సు కిక్‌డౌన్ (గట్టిగా తొక్కితే కింది గేరుకి దిగడం) ఎలక్ట్రిక్ స్విచ్‌తో పనిచేస్తుంది కాబట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి అది పడుతోందో లేదో ఇంజన్ ఆపి ఉండగానే చూసుకోండి. వాక్యూమ్ గేజ్ పెట్టి ముల్లు గరిష్ఠానికి వచ్చేలా స్లో స్క్రూలు తిప్పండి. వంద మైళ్లు తిరిగొచ్చాక, ఇంజన్ చల్లారనిచ్చి ఆ నాలుగు బోల్టులూ మళ్లీ ఒకసారి చూడండి. కొత్త గాస్కెట్ అణగడంతో అవి కొంచెం వదులవుతాయి.