కంగారూ సంచి: కొన్ని వారాల వాడకం తరువాత

మా పాప 29 వారాలకే, 1,120 గ్రాముల బరువుతో పుట్టింది. వరంగల్‌లోని ఒక ఆస్పత్రిలో 51 రోజులు ఉన్నాక ఇంటికి తెచ్చుకున్నాము. పుట్టిన పన్నెండో రోజున సీపాప్ (ఊపిరికి సాయంగా ముక్కులోకి గాలి పంపే యంత్రం) తీసేశారు. ఆ రోజు మొదలు, అసలు కాన్పు కావలసిన తేదీ వరకు, పాపను రోజూ నా ఒంటికి ఆనించి ఉంచాను. అందుకు వాడిన కంగారూ సంచి గురించి రాస్తున్నాను.

మొదటి రోజు సంచి లేదు. నర్సమ్మ డైపరు, టోపీ, మేజోళ్ళు మాత్రమే ఉంచి పాపను నా రొమ్ముల మధ్య నిలువుగా పడుకోబెట్టి, కాళ్ళు కప్పలా మడిచి, తల పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి ఆనకుండా కాస్త పైకి జరిపింది. చెవి ఇంకా గట్టిపడలేదు, కాగితంలా మడతపడిపోతుంది. ఆనించే ముందు ప్రతిసారీ దాన్ని వేలితో సరిచేయమని చెప్పింది. ఆ గంటసేపు రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను, భుజాలు లాగేశాయి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఎడ్గార్ రే అనే వైద్యుడు, బిడ్డలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన ఈ పద్ధతిని రోజుకు 8 నుంచి 24 గంటలు పాటించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ఒట్టి చేతులతో అన్ని గంటలు నా వల్ల కాలేదు. మరునాడే సంచి కొన్నాము.

దానితో నాలుగైదు గంటలు కూర్చోగలిగాను. గొట్టం ద్వారా పాలు పడుతున్నప్పుడు కూడా పాపను దించవలసిన పని లేకపోయింది. మొదట తల్లిని తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదు. అడగ్గా అడగ్గా మూడో వారంలో మావారికి అనుమతి దొరికింది. ఆయన ఛాతీ మీద పాప నాకంటే నిశ్చింతగా నిద్రపోయేది. ఇంటికి వచ్చాక మా అత్తగారు కూడా వంతు తీసుకున్నారు, అప్పుడే రోజుకు ఎనిమిది గంటలు దాటగలిగాము.

లోపం పట్టీలో ఉంది. పది పన్నెండు ఉతుకులకే వెల్‌క్రో పట్టు తప్పింది. ఒక మధ్యాహ్నం పాప మెల్లగా కిందికి జారి గడ్డం ఛాతీకి ఆనింది. నేను చూస్తూనే ఉన్నాను కాబట్టి వెంటనే సరిచేశాను, కానీ అంత చిన్న బిడ్డకు అలా ఊపిరి ఆడకపోవచ్చు. ఆ రోజే పట్టీ కత్తిరించి నూలు నాడాలు కుట్టించాను. పైగా ఆ బట్టలో పాలిస్టరు కలిసి ఉండడంతో మే నెలలో ఇద్దరికీ చెమట పట్టేది. ఇంట్లో చివరి మూడు వారాలు మా అమ్మ పాత నేత చీరను మడిచి కట్టుకున్నాను, అదే హాయిగా ఉంది. ఏది కట్టుకున్నా వెనక్కి వాలి కూర్చోవాలి. వెల్లకిలా పడుకోకూడదు, నిద్ర వస్తే పాపను మరొకరికి అందించాలి.

కొనేవారు నాడాలున్న నూలు సంచినే ఎంచుకోండి. 1,780 గ్రాములతో ఇంటికి వచ్చిన పాప 2,600 దాటాక కాళ్ళతో తన్ని బయటికి రావాలని పెనుగులాడడం మొదలుపెట్టింది, అప్పుడు ఆపేశాము.