అశ్లీల సైట్లు: వేరే ఎక్స్‌టెన్షన్ మేలా, పేజీపై గుర్తు మేలా?

పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన వెబ్‌సైట్లన్నిటి పేరు చివరా ఒకే ఎక్స్‌టెన్షన్ (డాట్ కామ్ లాంటి చివరి ముక్క) ఉండాలి, ఇంట్లో దాన్నొక్కదాన్నీ మూసేస్తే చాలు. పిల్లల చేతికి ఫోను ఇవ్వక తప్పని తల్లిదండ్రులకు ఈ మాట వినగానే ప్రాణం లేచివస్తుంది. ఇంత సులువైన ఉపాయాన్ని ఎవరూ అమలు చేయరేమని కోపం కూడా వస్తుంది. అమలు చేశారు. ఫలితం కళ్లముందే ఉంది.

అశ్లీల సైట్లకు ఉద్దేశించిన, ఇష్టమైనవాళ్లే తీసుకునే డాట్ ట్రిపుల్‌ఎక్స్ (.xxx) ఎక్స్‌టెన్షన్ కోసం ఐసీఎం రిజిస్ట్రీ అనే సంస్థ 2000లోనే దరఖాస్తు పెట్టింది. ఇంటర్నెట్ పేర్ల వ్యవహారాలు చూసే ఐకాన్ 2005లో సుముఖత చూపి, 2007లో తిరస్కరించి, చివరకు 2011 మార్చిలో ఆమోదించింది. అదే ఏడాది డిసెంబరులో అమ్మకాలు అందరికీ తెరిచారు. ఆ పదకొండేళ్లలో దాన్ని వ్యతిరేకించినవాళ్లను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అశ్లీలతకు గుర్తింపు ఇచ్చినట్టవుతుందని మతవాద సంఘాలు అడ్డుపడ్డాయి. ఈరోజు స్వచ్ఛందమన్నది రేపు నిర్బంధమవుతుందని అశ్లీల వ్యాపారులూ అడ్డుపడ్డారు. నా దృష్టిలో రెండో భయమే బలమైనది.

స్వచ్ఛంద పద్ధతిలో లోపం మొదటి రోజునుంచే ఉంది. డాట్ కామ్‌లో సందర్శకులు వరదలా వస్తున్న సైటు, ఒక్క వేటుతో మూసేయగల చోటికి తనంతట తానుగా ఎందుకు వెళ్తుంది? కొందరు కొత్త పేరు కొన్నారు, పాతదీ ఉంచుకున్నారు. పైగా అప్పట్లో డాట్ కామ్ టోకు ధర 8 డాలర్లలోపే ఉంటే, దీనికి ఏడాదికి దాదాపు 60 డాలర్లు. తమ పేరును ఎవరైనా అక్కడ పెట్టి పరువు తీస్తారన్న భయంతో విశ్వవిద్యాలయాలు కూడా డబ్బు కట్టి పేర్లు దక్కించుకున్నాయి. పిల్లల రక్షణ పేరుతో మొదలైన పథకానికి, ఆ వ్యాపారంతో ఏ సంబంధమూ లేనివాళ్లు సొమ్ము చెల్లించారు. ఇది నాకు మింగుడుపడని విషయం. 2015లో డాట్ పోర్న్, డాట్ అడల్ట్ కూడా వచ్చాయి. డాట్ కామ్‌లో ఉన్నవి అక్కడే ఉన్నాయి.

అయితే నిర్బంధం చేద్దామా? అమెరికాలో 2006లో సెనేటర్లు మ్యాక్స్ బాకస్, మార్క్ ప్రయర్ ఇలాంటి బిల్లే పెట్టారు. అది చట్టం కాలేదు. అయినా ఒక దేశపు చట్టం మరో దేశంలోని సర్వరును కదిలించలేదు. అంతకంటే పెద్ద చిక్కు, ఏది అశ్లీలమో తేల్చేది ఎవరన్నది. గర్భనిరోధక సాధనాలను బొమ్మలతో వివరించే వైద్యుల సైటు, నగ్న చిత్రాలున్న కళా గ్యాలరీ, లైంగిక వేధింపుల బాధితులకు సలహాలిచ్చే సంస్థ, వీటిని ఎక్కడ పెడతారు? పొరపాటున అటు తోస్తే, ఆ సమాచారం అత్యవసరమైన పదిహేనేళ్ల అమ్మాయికే అది అందదు. ఒకసారి గీత గీశాక ఏ ప్రభుత్వమైనా తనకు నచ్చని విషయాలను దాని అవతలికి నెట్టడం తేలిక. ఇంటర్నెట్ ఇంజినీరు డొనాల్డ్ ఈస్ట్‌లేక్ 2004 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 3675 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో ఇలాంటి ప్రతిపాదనలను ప్రమాదకరమనే తేల్చారు.

సాంకేతికంగానూ డొమైన్ పేరు (ఎక్స్‌టెన్షన్‌తో కలిపి సైటు పేరు) చాలా మొరటు పనిముట్టు. అది సైటు మొత్తానికి వర్తిస్తుంది. ఎక్స్ (పాత ట్విటర్), రెడిట్ వంటి వేదికల్లో వార్తలూ వంటలూ నగ్న దృశ్యాలూ ఒకే పేరు కింద ఉంటాయి. వాటిని ఏ ఎక్స్‌టెన్షన్ కిందకు తెస్తారు?

అందుకే గుర్తు పేజీపైనే ఉండాలంటాను. 2006లో వచ్చిన ఆర్‌టీఏ ('పెద్దలకు మాత్రమే') గుర్తు ఈ పనే చేస్తుంది. పేజీ కోడు పైభాగంలో, చూసేవారికి కనబడని చోట, ఒక్క వరుస చేరుస్తారు. పేజీకి ముందు సర్వరు పంపే సమాచారంలోనూ (హెడరు) పెట్టవచ్చు. ఆ వరుసను చదివే ఫిల్టరు ఫోనులో ఉంటే పేజీని ఆపుతుంది. గూగుల్ సేఫ్‌సెర్చ్ కూడా ఈ గుర్తును పరిగణిస్తుంది. యజమానికి పైసా ఖర్చు లేదు, పేరు మార్చనక్కరలేదు, సందర్శకులను పోగొట్టుకోనక్కరలేదు. ఒకే సైటులో ఒక పేజీకి పెట్టి మరోదానికి వదిలేయవచ్చు. ఆపాలా వద్దా అన్న నిర్ణయం ఇంట్లోనే ఉంటుంది. బలహీనత కూడా ఒప్పుకోవాలి: గుర్తు పెట్టనివాడిని ఇది పట్టుకోలేదు. ఆ ఖాళీని కొంతవరకు డీఎన్ఎస్ (సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చే వ్యవస్థ) ఫిల్టర్లు పూడుస్తాయి. 2020లో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల సంస్థ ఉచితంగా ఇచ్చిన 1.1.1.3 చిరునామాను రౌటరులో పెడితే, జాబితాలో ఉన్న అశ్లీల సైటు పేరు కొట్టగానే అసలు చిరునామాకు బదులు ఎక్కడికీ తీసుకెళ్లని 0.0.0.0 వస్తుంది. పేజీ తెరుచుకోదు. మొబైల్ డేటాకు మారితే మాత్రం రౌటరు చేయగలిగింది ఏమీ లేదు.

మరీ చిన్నపిల్లలకు ఎదురు దారి మంచిది. చెడ్డవాటిని వెతికి మూసే బదులు మంచివాటినే తెరవాలి. అమెరికా 2002లో చట్టం చేసి, పిల్లల సైట్లకే పరిమితమైన కిడ్స్ డాట్ యూఎస్ ఏర్పాటు చేసింది. బయటి సైట్లకు లింకులు ఇవ్వకూడదన్నది నియమం. సైట్లు పెట్టేవాళ్లు లేక 2012లో నిలిపేశారు. 2022లో డాట్ కిడ్స్ వచ్చింది. ఎక్స్‌టెన్షన్ పక్కన పెట్టండి. ఎనిమిదేళ్లలోపు పిల్లల ఫోనులో తల్లిదండ్రులు ఎంపిక చేసిన కొద్ది సైట్లే తెరుచుకునేలా సెట్టింగు పెట్టడం ఈరోజే సాధ్యం.

పదేళ్లు దాటినవారికి మాత్రం పేజీ గుర్తు, దాన్ని చదివే ఫిల్టరు, రెండూ కావాలి. చట్టసభలు ఏదైనా నిర్బంధం చేయాలనుకుంటే ఎక్స్‌టెన్షన్ జోలికి వెళ్లకుండా, అశ్లీల దృశ్యాలతో సొమ్ము చేసుకునే వ్యాపారాలకు గుర్తును తప్పనిసరి చేయాలి. ఫోను తయారీదారులు పిల్లల ఖాతాల్లో దాన్ని చదివే ఏర్పాటును మొదటినుంచే ఆన్ చేసి ఇవ్వాలి.