స్కాపా ఫ్లో అడుగున కోల్న్: ఎనిమిది వేసవుల తర్వాత

ఉద్యోగం కోసం స్కాట్లండ్ వచ్చాక డైవింగ్ నేర్చుకున్నాను. ఎనిమిదేళ్లుగా ప్రతి వేసవిలో ఒక వారం ఆర్క్‌నీ దీవుల్లోని స్ట్రోమ్‌నెస్ వెళ్లి, అక్కడి నుంచి పడవలో స్కాపా ఫ్లోకి, అంటే ఆ దీవుల మధ్య ఉన్న సముద్ర భాగానికి, వెళ్తాను. అక్కడ మునిగి ఉన్న జర్మన్ యుద్ధనౌక (క్రూయిజర్) కోల్న్ మీద ఇప్పటికి 14 డైవ్‌లు చేశాను.

మొదటి డైవ్‌లో నాకు గుర్తున్నది చలి ఒక్కటే. ఆగస్టులో కూడా నీళ్లు 13 డిగ్రీలే. అద్దెకు తెచ్చుకున్న డ్రైసూట్‌ (నీళ్లు లోపలికి రానివ్వని డైవింగ్ దుస్తులు) లోకి మణికట్టు దగ్గర నీళ్లు దిగాయి. పది నిమిషాల్లో మోచేయి దాకా తడిసింది. వణుకుతూ పైకి వచ్చేశాను. మరుసటి ఏడు కొలతలిచ్చి సొంత సూట్ కుట్టించుకున్నాను. ఖరీదెక్కువే, కానీ అది లేకపోతే ఇన్నిసార్లు దిగేవాణ్ని కాదు. మెడ సీలు రెండుసార్లు, మణికట్టు సీళ్లు మూడుసార్లు మార్పించాను, జిప్ మాత్రం పాతదే. ప్రతి ట్రిప్పుకి ముందు దానికి మైనం రాస్తాను.

ఇక ఓడ. 155 మీటర్ల పొడవు, కుడి పక్కకి ఒరిగి సుమారు 35 మీటర్ల లోతులో ఉంది. తాడు పట్టుకుని దిగుతుంటే ఆకుపచ్చ మసకలోంచి ముందు దాని ఎడమ పక్క కనిపిస్తుంది. ఒరిగి ఉండటంతో డెక్ నిలువుగోడలా ఉంటుంది. ఏది ఏమిటో అర్థం కావడానికి నాకు మూడు డైవ్‌లు పట్టింది. ఇది యుద్ధంలో దెబ్బతిని మునిగింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మన్ నౌకలను ఇక్కడ నిర్బంధంలో ఉంచారు. 1919 జూన్ 21న బ్రిటిష్ నౌకాదళం విన్యాసాలకు బయటికి వెళ్లిన సమయంలో జర్మన్ అడ్మిరల్ రాయిటర్ ఆదేశంతో సిబ్బందే తమ నౌకలను ముంచేశారు. అక్కడున్న 74లో 52 మునిగాయి. అంత పెద్ద ఓడ లోపలికి నీళ్లు వదిలిన చేతుల గురించి దిగిన ప్రతిసారీ ఆలోచిస్తాను.

బాధగా ఉన్న సంగతి ఒకటుంది. మొదట్లో చూసిన డెక్ పలకలు కొన్ని ఇప్పుడు ఊడి అడుగున పడి ఉన్నాయి. అందుకే నేను లోపలికి వెళ్లను. ఇది చట్టపరంగా రక్షిత స్మారకం కూడా, చిన్న మేకు కూడా తీయకూడదు.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు చల్లటి నీళ్లలో డ్రైసూట్‌తో కనీసం పాతిక డైవ్‌లు చేయండి. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) 32 శాతం అయితే 33 మీటర్లే హద్దు, అందుకే నేను 28 వాడతాను. మొదటి రోజే కోల్న్ కాకుండా, తక్కువ లోతులో ఉన్న మరో జర్మన్ ఓడ కార్ల్స్‌రూతో మొదలుపెట్టండి. కోల్న్ మీద ఒకే డైవ్‌లో ఆ చివర నుంచి ఈ చివరకి ఈదకండి. ఒక రోజు ముందు భాగం, లంగరు గొలుసుల దగ్గర నెమ్మదిగా చూడండి. వెనక భాగం ఇంకో రోజుకి ఉంచుకోండి.