నల్లగొండల జావా కోచింగ్: ఎక్సెప్షన్ల క్లాస్ కోసమైతే పోవచ్చు

క్లాక్ టవర్ దాటినంక మెడికల్ షాపు మీద ఉన్న సెంటర్ సంగతి ఇది, పేరు రాస్తలేను, మల్ల ఫోన్లు చేసి సతాయిస్తరు. లూపులు, అర్రేలు, ఇన్‌హెరిటెన్స్ ఏడ నేర్చుకున్నా ఒకటే, యూట్యూబ్ల గూడ దొరుకుతయి. ట్రై క్యాచ్, అంటే ప్రోగ్రాం నడుస్తుంటే వచ్చే తప్పులను (ఎక్సెప్షన్లను) పట్టుకునుడు, మాత్రం ఈ సారు చెప్పినట్టు నేనైతే ఏడ వినలే.

డెఫినిషన్లు గిట్ల ఏం రాపియ్యడు. మిర్యాలగూడ రైస్ మిల్లు తూకం ప్రోగ్రాం అని ఒకటి తెరిచి, బరువు అడిగిన కాడ "50 కిలోలు" అని టైప్ చేసిండు, టైప్ చేసినదాన్ని నంబర్ చేసే పార్స్ఇంట్ ఆడనే పడిపోయింది, నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ అని స్క్రీన్ మీద ఎర్ర లైన్లు. గది చూస్తనే చానా మంది విండో మూసేస్తరు కదా, సారు ముందు బెంచి పోరనితోని గట్టిగ చదివిచ్చిండు. ఫస్ట్ లైన్ల ఏమైందో ఉంటది, జావా సొంత లైన్లు ఇడిచిపెట్టి మన ఫైల్ పేరు, లైన్ నంబర్ కనపడ్డ కాడ ఆగు, "కాజ్డ్ బై" (దీని వల్ల) అనే లైన్లు ఉంటే అన్నిటికన్న కిందిది చూడు, అసలు కిరికిరి ఆడ్నే ఉంటది అన్నడు.

తప్పును పట్టి ఏం చెయ్యకుండ ఇడిచిపెట్టే ఖాళీ క్యాచ్ బ్లాక్ రాస్తే ఆయనకు మస్తు కోపం. ప్రోగ్రాం మంచిగనే నడుస్తున్నట్టు కనపడ్తది, తూకం సున్నా అని పడ్తది, రైతు పైసలు ఏడ పోయినయో ఎవ్వనికి తెల్వది అంటడు. నువ్వు చేసేది ఏమన్న ఉంటేనే పట్టు, లేకుంటే పైకి పోనీ, నీ కోడ్‌ను పిలిచిన పైనోడు చూస్కుంటడు. చెక్డ్ (పట్టుకోక తప్పనియి), అన్‌చెక్డ్ (పట్టుకోకున్నా నడిచేటియి) ఎక్సెప్షన్లు గూడ గట్లనే చెప్పిండు: ఫైళ్లు చదివేటప్పుడు, రాసేటప్పుడు వచ్చే ఐఓ ఎక్సెప్షన్ అయితే క్యాచ్ చెయ్యాలె, లేదంటే పైకి పంపుతున్న అని త్రోస్ రాయాలె, కోడ్‌ను ముందే తనిఖీ చేసే కంపైలర్ ఊకోదు, ఏమీ లేని దాన్ని వాడితే వచ్చే నల్ పాయింటర్‌కు ఆ లొల్లి లేదు. సి షార్ప్ అనే ఇంకో భాషల అసలు చెక్డ్ అనేదే లేదు, మరి జావాకెందుకు అని అడిగి క్లాస్ల కొట్లాట పెట్టిండు, గంట సేపు నడిచింది, నాకు గదే నచ్చింది.

నోట్స్ మాత్రం దండగ. ఫైల్ మూసుడు కోసం ఇంకా ఫైనల్లీ బ్లాకే (తప్పు వచ్చినా రాకున్నా చివర్ల నడిచేది) రాపిస్తున్నరు, 2011ల జావా 7 తోనే ట్రై విత్ రిసోర్సెస్ వచ్చె, దాంట్ల ఫైల్ దానంతటదే క్లోజ్ అయితది. ఫైనల్లీల రిటర్న్ పెడితే పైన వచ్చిన ఎక్సెప్షన్ మాయమైతదని గూడ నోట్స్ల లేదు, సారును అడిగితే రన్ చేసి చూపెట్టిండు. మరి అడగనోళ్ల సంగతేంది?

ల్యాబ్ల సిస్టములు స్లో, ఇద్దరికి ఒకటి. ఫీజు పర్లేదు, అమీర్‌పేట పోతే హాస్టల్ ఖర్చు ఎక్స్‌ట్రా కదా. నకిరేకల్, మునుగోడు దిక్కు నుంచి బస్సుల వచ్చెటోళ్లు పొద్దుగాల బ్యాచ్ తీసుకోకుండ్రి, ఎక్సెప్షన్ల క్లాసులు ఎక్కువ శాతం ఏడున్నరకే పెడ్తడు, లేటైతే మల్ల చెప్పడు.